క్వార్టర్ మైలులో గేరు మార్పు: రెండు నుంచి మూడుకు చేయి ఎందుకు తడబడుతోంది?

ఇర్వింగ్_వాసి (డాలస్)

సభ్యులందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, ఆరు గేర్ల మాన్యువల్. ఇంజిన్‌లో గానీ టైర్లలో గానీ ఏ మార్పూ చేయించలేదు. పోయిన వారం మొదటిసారి ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్‌కు (తిన్నటి పందెపు బాటకు) వెళ్ళి నాలుగు పరుగులు తీశాను. వాటిలో మెరుగైన పరుగు తాలూకు స్లిప్ (సమయాల చీటీ) ఇలా ఉంది: 60 అడుగులకు 2.26 సెకన్లు, 330 అడుగులకు 6.05, ఎనిమిదో వంతు మైలుకు 9.08, వెయ్యి అడుగులకు 11.64, క్వార్టర్ మైలుకు 13.75, గీత దాటేటప్పటి వేగం గంటకు 107.4 మైళ్ళు.

మిగిలిన మూడింటిలో రెండు పరుగులు రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే చోటే చెడిపోయాయి. ఒకసారి రాడ్డు న్యూట్రల్‌లో ఆగిపోయి ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, ఇంకోసారి ఏకంగా ఐదో గేరులో పడి కారు నీరసించిపోయింది. ఒకటి నుంచి రెండుకు మార్చేటప్పుడు కూడా గరగరమని శబ్దం వచ్చింది. పక్క వరుసలో నిలబడిన ఒకాయన డబుల్ క్లచ్ (ఒక మార్పులో క్లచ్‌ను రెండుసార్లు తొక్కడం) చేయమని సలహా ఇచ్చారు. అది సరైన మార్గమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

బెజవాడ_వీ8 (హ్యూస్టన్)

ఇర్వింగ్ గారూ, ముందుగా మీ స్లిప్ చదవడం నేర్చుకుందాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. గీత దాటే వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది, పట్టిన సమయం డ్రైవరు పనితనాన్ని చెబుతుంది. 107 మైళ్ళ వేగంతో గీత దాటిన కారు 13.2 దగ్గరకు రావలసింది. మీకు 13.75 పట్టిందంటే అర సెకను మీ చేతుల్లోనూ కాళ్ళలోనూ పోయింది, కారులో కాదు. అది మంచి వార్తే, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కర లేదు.

మీరు గేరు మార్పు గురించి అడిగారు గానీ, పెద్ద నష్టం మొదటి 60 అడుగుల్లోనే జరిగింది. అక్కడ ఒక పదో వంతు సెకను పోతే చివరికి పదిహేను, ఇరవై వందో వంతులుగా తేలుతుందని స్ట్రిప్‌కు వెళ్ళే వాళ్ళందరికీ తెలిసిన లెక్క. మీరు ఆరు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర క్లచ్ మీది నుంచి కాలు ఎత్తేసి, టైర్లు తిరుగుతూ పొగ వస్తుంటే అదే బలం అనుకుని ఉంటారని నా ఊహ. మామూలు రోడ్డు టైర్ల మీద అది పనికిరాదు. వెనక టైర్ల గాలి 27 పీఎస్ఐ దాకా దించండి. నీళ్ళు పోసిన చోటుకు కారును పోనివ్వకుండా పక్కగా తిప్పి, పొడి నేల మీద టైర్లకు అంటిన ఇసుక పోయేంత వరకు మాత్రమే తిప్పండి. గీత దగ్గర 2,500 నుంచి 3,000 మధ్య ఆర్‌పీఎం నిలిపి, క్లచ్ పట్టు తీసుకునే బిందువును ముందే కాలితో వెతికి పెట్టుకోండి. పచ్చ దీపం వెలిగాక క్లచ్‌ను ఆ బిందువు మీదుగా అర సెకనుకు పైగా జారనిస్తూ, అది వదులుతున్న కొద్దీ యాక్సిలరేటర్‌ను కిందికి తొక్కండి. రెండు పాదాలూ ఒకే పనిలో ఉన్నాయని మనసులో పెట్టుకోవాలి. కారు వెనక భాగం కూర్చుని, ముక్కు పైకి లేచి, టైరు సన్నగా కూస్తూ ముందుకు దూకితే అదే సరైన పద్ధతి. వెనక ఇరుసు దడదడా ఎగిరితే మాత్రం వెంటనే కాలు తీసేయండి, అలా ఎగురుతుండగా తొక్కితే యాక్సిల్ విరుగుతుంది.

ఇంకొక మాట. దీపం వెలిగాక మీరు ఎంత ఆలస్యంగా కదిలినా ఆ ఆలస్యం 13.75లో కలవదు. ముందు టైరు కాంతి రేఖను విడిచిన క్షణం నుంచే గడియారం నడుస్తుంది. పక్కవాడితో పందెం లేనప్పుడు తొందరపడి క్లచ్ వదిలి ఏమీ సాధించలేరు.

గోదారి_గేర్లు (మిషిగన్)

నేను గేర్‌బాక్సుల పరీక్షా విభాగంలో పని చేస్తాను గనుక డబుల్ క్లచ్ సంగతి నేను చెబుతాను. ఈ పని దానితో జరగదు. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మీ కారు మొదటి గేరు నిష్పత్తి 3.66, రెండోది 2.43. మొదటి గేరులో 6,800 ఆర్‌పీఎం దగ్గర మారుస్తున్నారు అనుకుందాం. కారు వేగం మారకుండా రెండో గేరు పడాలంటే క్లచ్ ప్లేటూ దానికి పట్టుకున్న ఇన్‌పుట్ షాఫ్టూ 6,800 నుంచి సుమారు 4,500కు దిగాలి. ఆ దించే పని సింక్రోది. దాని రింగు కోన్ మీద రాసుకుని, ఆ రాపిడితో షాఫ్టు వేగాన్ని తగ్గించి, రెండు వేగాలూ కలిసిన తరువాతే గేరును పట్టించే స్లీవ్‌ను పళ్ళ మీదికి దాటనిస్తుంది. క్లచ్ పూర్తిగా విడితే సింక్రో ఆపవలసింది ఒక చిన్న ప్లేటునూ ఒక షాఫ్టునూ మాత్రమే. క్లచ్ ముప్పాతిక వంతే తొక్కితే ఇంజిన్ మొత్తం వెనక నుంచి నెడుతూ ఉంటుంది, పాపం ఆ చిన్న రింగు దాన్ని ఆపలేదు. మీరు విన్న గరగర శబ్దం అదే. కాబట్టి ఒకటి నుంచి రెండుకు వచ్చే శబ్దానికి మందు పెడల్‌ను నేల దాకా తొక్కడం. సీటును ఒక మెట్టు ముందుకు జరిపి కూర్చోండి, చాలామందికి దానితోనే తీరిపోతుంది.

డబుల్ క్లచ్ అసలు ఉపయోగం పై గేరు నుంచి కింది గేరుకు దిగేటప్పుడు, అదీ సింక్రోలు లేని పాత లారీల్లో. అక్కడ షాఫ్టు వేగం పెంచాలి గనుక న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఇంజిన్‌తో దాన్ని తిప్పుతారు. పైకి మార్చేటప్పుడు షాఫ్టు వేగం తగ్గాలి, ఆ పని మీ కారులో సింక్రో చేస్తూనే ఉంది. మధ్యలో రెండోసారి క్లచ్ తొక్కితే మిగిలేది ఆలస్యమే.

ఇక ఏ ఆర్‌పీఎం దగ్గర మార్చాలన్నది. మీ ఇంజిన్‌కు గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 400 పౌండ్-అడుగులు, 4,250 వద్ద. గరిష్ఠ శక్తి 435 హార్స్‌పవర్, 6,500 వద్ద. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఆ లెక్కన 4,250 దగ్గర ఉన్నది 324 మాత్రమే. ఆరు వేల దగ్గరే మారిస్తే రెండో గేరులో నాలుగు వేలకు కూడా చేరక 300 చిల్లర హార్స్‌పవర్‌తో మొదలుపెడతారు. అదే 6,800 దాకా ఆగితే 4,500 పైన, సుమారు 340తో మొదలుపెడతారు. శక్తి శిఖరం దాటినా సరే, కింద దిగే చోటు కంటే పైన ఉన్న చోటే ఎక్కువ బలం ఉన్నంత వరకు పట్టుకుని ఉండాలి. రెండు నుంచి మూడుకు కూడా ఇదే తీరు, 4,700 పైన దిగుతారు. మూడు నుంచి నాలుగుకు మాత్రం నిష్పత్తులు 1.69, 1.32, దగ్గర దగ్గరగా ఉన్నాయి గనుక 5,300 దగ్గర దిగుతారు. అక్కడ ఒక రెండు వందల ఆర్‌పీఎం ముందుగా మార్చినా పెద్ద నష్టం లేదు. కాబట్టి చేయి సిద్ధంగా ఉండటానికి ఆ మార్పులో కాస్త ముందుగా మొదలుపెట్టవచ్చు.

పాలమూరు_టర్బో (న్యూజెర్సీ)

పైవారు చెప్పిన లెక్క టర్బో లేని పెద్ద ఇంజిన్లకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నాది ఒకటిన్నర లీటరు టర్బో, ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇలాంటి చిన్న టర్బోలలో టార్క్ రెండు వేల దగ్గర మొదలై ఐదు వేల దాకా బల్లపరుపుగా ఉండి, ఆ తరువాత జారిపోతుంది. రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగదగ్గ గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా లాగడం వల్ల నాకు లాభం కనిపించలేదు. ఐదారు వందల ఆర్‌పీఎం ముందే మార్చినప్పుడు సమయం తగ్గింది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే టర్బో గాలి ఒత్తిడి పడిపోయి మళ్ళీ నిండటానికి సమయం పడుతుంది, అందువల్ల మాకు గేరు మార్పులో కాలు ఎత్తే వ్యవధి మరింత ముఖ్యం.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ వాళ్ళు బయలుదేరే పద్ధతి కూడా వేరు. కారు ముందుకు దూకగానే బరువు వెనక్కి పోతుంది, అంటే లాగే టైర్ల మీద నుంచి బరువు తప్పుకుంటుంది. వెనక టైర్లలో గాలి పెంచి, ముందు టైర్లలో తగ్గించి, రెండు వేల చిల్లర ఆర్‌పీఎంతోనే బయలుదేరుతాను.

ఇంగ్లిష్‌టౌన్‌లోని రేస్‌వే పార్క్‌లో నేర్చుకున్న పాఠాలివి. ఎడిసన్ నుంచి అరగంటలో చేరేవాళ్ళం. 2018 జనవరిలో అక్కడ డ్రాగ్ రేసింగ్ ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా బాధపడ్డాను. ఇప్పుడు స్ట్రిప్ కోసం చాలా దూరం పోవలసి వస్తోంది. మీకు ఎన్నిస్ లాంటి చోటు దగ్గరలో ఉంది, వదులుకోకండి.

ఇర్వింగ్_వాసి

అందరికీ కృతజ్ఞతలు. బెజవాడ గారి ఊహ నిజమే, ఆరు వేలు కాదు గానీ ఐదు వేల దగ్గర క్లచ్ వదిలేశాను. అయితే నా మూల ప్రశ్న మిగిలే ఉంది. రెండు నుంచి మూడుకు చేయి ఎలా కదపాలి? నేను గుబ్బను పిడికిలితో గట్టిగా పట్టుకుని, పైకి, కుడికి, మళ్ళీ పైకి అని మూడు భాగాలుగా కదుపుతున్నాను. ఇందులో తప్పు ఎక్కడుంది?

బెజవాడ_వీ8

తప్పు పిడికిలిలో ఉంది. గేరు రాడ్డుకు లోపల స్ప్రింగులు ఉంటాయి. న్యూట్రల్‌లో రాడ్డును వదిలేస్తే అది తనంతట తానే మూడు, నాలుగు గేర్ల వరుసకు వచ్చి నిలుస్తుంది. ఇంజిన్ ఆపి ఒకసారి చేసి చూడండి: రెండో గేరులో పెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా ముందుకు తోయండి, పక్కకు ఏమీ నెట్టకండి. న్యూట్రల్ రాగానే రాడ్డు తానే కుడికి జరిగి మూడో గేరు ముఖద్వారం దగ్గర నిలబడుతుంది. పిడికిలితో పట్టుకున్నవాడు ఆ స్ప్రింగును పని చేయనివ్వడు. కుడికి ఎక్కువ నెడితే ఐదు, నెట్టడానికి భయపడితే రెండింటి మధ్య గోడ. మీకు రెండూ జరిగాయి.

నేను చేసే పద్ధతి ఇది. రెండో గేరులో ఉండగానే చేయి తిప్పి, బొటనవేలు కిందికి, అరచేయి ప్రయాణికుడి సీటు వైపుకు ఉండేలా గుబ్బకు ఆనించి ఉంచుతాను. వేళ్ళు మూయను. మార్చే క్షణం రాగానే అరచేతి మడమతో ముందుకు ఒకే తోపు. పక్కకు పోవలసిన పని స్ప్రింగుకు వదిలేస్తాను. ఒకటి నుంచి రెండుకు దీనికి భిన్నంగా, వేళ్ళను గుబ్బ మీదుగా ముందుకు వేసి, మోకాలి వైపు కొద్దిగా ఒత్తిడి ఉంచుతూ వెనక్కి లాగాలి. ఆ ఒత్తిడి లేకపోతే స్ప్రింగు దాన్ని నాలుగో గేరు వైపుకు లాగేస్తుంది.

వేగం బలం నుంచి రాదు, ముందుగా సిద్ధం కావడం నుంచి వస్తుంది. క్లచ్ తొక్కే ముందే రాడ్డు మీద చిన్న ఒత్తిడి ఉంచితే, క్లచ్ విడిన మరుక్షణం గేరు బయటికి జారుతుంది. అంతకు మించి బలం వాడితే లోపలి ఫోర్కులు వంగుతాయి.

మూడు నుంచి నాలుగు మార్పు అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ప్రమాదకరం. తిన్నగా వెనక్కి లాగాలి. లాగే చేయి సహజంగా ఒంటి వైపుకు వస్తుంది, మనం ఎడమవైపు కూర్చుంటాం, ఎడమన ఉన్నది రెండో గేరు. చాలా ఏళ్ళ కిందట నా పాత వీ8 కారులో నేను చేసిన పని అదే. గంటకు 90 మైళ్ళ దగ్గర నాలుగు అనుకుని రెండులో వేసి క్లచ్ వదిలాను. చక్రాలు ఇంజిన్‌ను తొమ్మిది వేల పైకి తిప్పాయి. రెడ్‌లైన్ దగ్గర ఇంధనం ఆపే ఏర్పాటు అక్కడ ఏ రక్షణా ఇవ్వదు, ఎందుకంటే తిప్పుతున్నది ఇంధనం కాదు, చక్రాలు. ఒక్క టప్పుమన్న శబ్దం, తరువాత నిశ్శబ్దం. హెడ్ విప్పి చూస్తే ఏడు వాల్వులు వంగి ఉన్నాయి, ఒక పిస్టన్ తల మీద వాల్వు అచ్చు అర్ధచంద్రాకారంలో దిగి ఉంది. ఆ పిస్టన్ ఇప్పటికీ నా గరాజు అరలో ఉంది. అందుకే నాలుగో గేరు లాగేటప్పుడు వేళ్ళ చివరలతో, మణికట్టును కొద్దిగా ప్రయాణికుడి వైపుకు ఉంచి లాగమని చెబుతున్నాను.

కూకట్‌పల్లి_402 (హైదరాబాద్)

చాలా విలువైన చర్చ. ఇక్కడి పాఠకుల కోసం ఒక విషయం చేర్చాలి. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుని ఎడమ చేత్తో గేరు మారుస్తాడు, కానీ గేర్ల అమరిక మారదు, ఒకటో గేరు ఎడమ పైనే ఉంటుంది. అంటే బెజవాడ గారు చెప్పిన దిక్కులు మనకు తారుమారవుతాయి. మనకు ఒకటి, రెండు వరుస ఒంటికి దూరంగా ఉంటుంది. కాబట్టి మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు చేయి ఒంటి వైపుకు వచ్చినా ఆరు గేర్ల కారులో ఆరో గేరు పడుతుంది, కారు నీరసిస్తుంది గానీ ఇంజిన్ పగలదు. రెండు నుంచి మూడుకు మాత్రం మన చేయి సహజంగా ఐదో గేరు వైపుకు జారుతుంది. అరచేతిని గుబ్బకు ఎడమ పక్కన, మన వైపుకు తిప్పి ఆనించి, నేరుగా ముందుకు తోయడం మేలు. అమెరికా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు ఈ తేడా గమనించక తప్పుడు అలవాటు చేసుకుంటున్నారు.

నేను లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన వ్యాలీ రన్ అనే డ్రాగ్ పందేలకు వెళ్ళాను. క్వార్టర్ మైలు అంటే 402 మీటర్లు, నా పేరులోని అంకె అదే. మన దగ్గర అలాంటి అవకాశాలు తక్కువన్న మాట నిజం. అయినా రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ పద్ధతులు ప్రయత్నించవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం, జరిమానాతో పాటు జైలు కూడా ఉంది. అంతకంటే ముఖ్యంగా, అక్కడ అవతలి వరుసలో వస్తున్న కుటుంబానికి మనం పందెం వేస్తున్న సంగతి తెలియదు.

ఇర్వింగ్_వాసి

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయకుండానే గేరు మార్చేవాళ్ళను ఆ రాత్రి చూశాను. అది నేర్చుకోవచ్చా?

గోదారి_గేర్లు

యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి ఉంచి క్లచ్‌ను మాత్రం మెరుపులా తొక్కి వదిలే ఆ పద్ధతిని పవర్ షిఫ్ట్ అంటారు. సమయం మిగులుతుంది, సందేహం లేదు. క్లచ్ విడిన క్షణంలో ఇంజిన్‌కు భారం లేక ఆర్‌పీఎం పైకి ఎగురుతుంది, అది మళ్ళీ పట్టుకున్నప్పుడు ఆ అదనపు వేగమంతా ఒక్క దెబ్బగా క్లచ్ ప్లేటు మీద, గేర్ల మీద, వెనక ఇరుసు మీద పడుతుంది. సింక్రో తన పని ముగించకముందే స్లీవ్ పళ్ళ మీదికి పోతే ఆ పళ్ళ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, తరువాత మామూలుగా నడిపేటప్పుడు కూడా గేరు సరిగ్గా పడదు. కొన్ని కార్లలో తయారీదారులే ఇందుకు ఏర్పాటు చేశారు. 2008 షెవర్లే కోబాల్ట్ ఎస్ఎస్‌లో క్లచ్ తొక్కగానే కంప్యూటరే ఇంజిన్‌ను అదుపు చేస్తుంది, కాలు ఎత్తనక్కర లేదు. అలాంటి ఏర్పాటు లేని కారులో నా సలహా మధ్యేమార్గం: కాలిని పూర్తిగా ఎత్తకుండా, సగం దాకా వదిలి మళ్ళీ తొక్కడం. పవర్ షిఫ్ట్‌తో వచ్చే లాభంలో చాలా వరకు దీనితోనే వస్తుంది, గేర్‌బాక్సు కూడా బతుకుతుంది.

బెజవాడ_వీ8

దీని మీద ఒక చరిత్ర కూడా చెప్పాలనిపిస్తోంది. 1960లలో నార్త్ కరోలినాకు చెందిన డ్రాగ్ రేసర్ రోనీ సాక్స్ నాలుగు గేర్ల ప్లిమత్ కార్లతో గేరు మార్పులో తనకు సాటి లేదనిపించుకున్నారు. ఆ కాలపు పందెం కార్ల గేర్‌బాక్సుల్లో సింక్రోలు తీసేసి, పళ్ళను ఒకటి విడిచి ఒకటి కోసేసేవారు. పళ్ళ మధ్య సందు పెద్దదవడంతో స్లీవ్ తటాలున దూరిపోయేది. డ్రాగ్ రేసింగ్‌లోని ప్రో స్టాక్ తరగతి ఇప్పటి కార్లలోనైతే క్లచ్ బయలుదేరడానికే, ఆ పైన గేర్లకు దాని అవసరమే లేదు. ఆ కార్ల నడకను చూసి మన రోడ్డు కారు సింక్రోలను అలా కొట్టడం అన్యాయం, ఆ పెట్టెలు వేరు, ఈ పెట్టెలు వేరు.

మీ సమయం 13.99 కంటే తక్కువ గనుక ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) నిబంధనల ప్రకారం హెల్మెట్ తప్పనిసరి. అరువు తెచ్చుకున్నది కాకుండా తలకు సరిపోయేది సొంతంగా కొనుక్కోండి.

ఇర్వింగ్_వాసి

మూడు వారాల తరువాత తిరిగి వచ్చాను. ఈ మూడు వారాలూ రాత్రి భోజనం అయ్యాక గరాజులో, ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, ఒకటి నుంచి నాలుగు దాకా యాభై సార్లు మార్చాను. సీటు ముందుకు జరిపాను. మొదటి వారం చేయి పదే పదే పిడికిలి కట్టుకుంది. రెండో వారం నుంచి రెండో గేరు పడగానే అరచేయి తనంతట తానే తిరగసాగింది.

నిన్న రాత్రి ఐదు పరుగులు. ఒక్క గేరు కూడా తప్పలేదు, గరగర శబ్దం రాలేదు. మెరుగైన స్లిప్: 60 అడుగులకు 2.05, 330కి 5.72, ఎనిమిదో వంతుకు 8.70, వెయ్యికి 11.22, క్వార్టర్ మైలుకు 13.30, వేగం 108.6 మైళ్ళు. బయలుదేరింది 2,800 ఆర్‌పీఎం దగ్గర. కాంక్రీటు ఇంకా వెచ్చగా ఉండగా తీసిన మొదటి రెండు పరుగుల్లో టైర్లు కాస్త జారాయి, చల్లబడ్డాక కుదిరింది.

గోదారి_గేర్లు

రెండు స్లిప్‌లను పక్కపక్కన పెట్టి చూశాను. మొత్తం 0.45 సెకను తగ్గింది. అందులో 0.21 మొదటి 60 అడుగుల్లోనే వచ్చింది. అరవై నుంచి 330 అడుగుల మధ్య మీకు ముందు 3.79 పట్టింది, ఇప్పుడు 3.67. ఎనిమిదో వంతు దాటాక చివరిదాకా ముందు 4.67, ఇప్పుడు 4.60. మీ మూడు నుంచి నాలుగు మార్పు అక్కడే జరుగుతుంది గనుక ఆ ఏడు వందో వంతుల్లో కొంత వాటా మీ మణికట్టుదే. 330 నుంచి 660 అడుగుల మధ్య మాత్రం 3.03 నుంచి 2.98కి వచ్చింది, అంటే అయిదు వందో వంతులే. రెండు నుంచి మూడు మార్పు ఆ ప్రాంతంలోనే పడుతుంది. గేరు తప్పకపోయినా మీరు అక్కడ ఇంకా జాగ్రత్తగా, నెమ్మదిగా మారుస్తున్నట్టున్నారు. ఆ చోట ఆర్‌పీఎం ఎంత దాకా పోనిస్తున్నారు?

ఇర్వింగ్_వాసి

నా పరుగు వీడియో మళ్ళీ చూశాను. మొదటి గేరులో 6,800 దాకా ఆగుతున్నాను గానీ, రెండో గేరులో 6,300 దగ్గరే చేయి కదులుతోంది. పాత భయం ఇంకా పోలేదన్నమాట. వచ్చే వారం గేరు మార్చమని చెప్పే సూచిక దీపాన్ని 6,700కు పెట్టుకుని, అది వెలిగే దాకా అరచేతిని ఆనించే ఉంచుతాను. స్లిప్ ఇక్కడే పెడతాను.